యాత్రికుడి ఇంట్లో ఎవరున్నారు?

యాత్రా సాహిత్యం చదివేటప్పుడు నాకో అలవాటైంది. రచయిత ఎక్కడికి పోయాడు, ఏం చూశాడు అన్నవి తర్వాత. ముందు వెతికేది, వెనక ఇంట్లో ఎవరున్నారని. కరెంటు బిల్లు ఎవరు కట్టారు, తల్లికి షుగరు గోళీలు ఎవరు తెచ్చిచ్చారు, పిల్లలుంటే బడికి ఎవరు తయారు చేసి పంపారు? చాలా పుస్తకాల్లో దీనికి జవాబు ముందుమాట చివర ఒక్క వాక్యంలో దొరుకుతుంది, శ్రీమతికి కృతజ్ఞతలు అని. కొన్నింట్లో అదీ ఉండదు.

ఈ వెతుకులాట నా అవసరం కొద్దీ మొదలైంది. నాకు ముప్పై ఒకటి. పెళ్ళై మూడేళ్ళు. పుట్టిల్లు బోధన్, అత్తగారిల్లు నిజామాబాద్, ఉద్యోగాలు హైదరాబాద్‌లో. ఫ్లాటుకు కట్టాల్సిన మొదటి విడత డబ్బుతో, ఉద్యోగాలు మానేసి, పది నెలలు తిరిగి వద్దామని మా ఇద్దరికీ ఒక ఆలోచన. నేపాల్, వియత్నాం, లావోస్, కుదిరితే జార్జియా. పిల్లలు పుట్టకముందే పోవాలి, తర్వాత ఎట్లాగూ కుదరదు అన్నది మా ప్లాన్‌కు పునాది. అదే పునాది మీద నిలబడి మా అత్తమ్మ ఎదురు వాదన చేసింది: "తిరుగుడు ఎప్పుడైనా తిరగచ్చు బిడ్డా, పిల్లల్ని ఎప్పుడంటే అప్పుడు కంటమా?" డాక్టరమ్మ ఏఎంహెచ్ పరీక్ష రాసింది. అండాల నిల్వ ఎంతుందో చెప్తుందట, మామూలుగా గర్భం వస్తుందో రాదో మాత్రం చెప్పదట. మా ఆయన స్ప్రెడ్‌షీట్ తెరిచాడు. నేను పుస్తకాలు ముందేసుకున్నాను.

మొదట రాహుల్ సాంకృత్యాయన్. 1948లో వచ్చిన 'ఘుమక్కడ్ శాస్త్ర' మీద మన దేశంలో కనీసం మూడు తరాల కుర్రాళ్ళు ఇల్లు వదిలే కలలు కన్నారు. పెళ్ళి తిరుగుబోతు కాళ్ళకు సంకెల అని ఆ పుస్తకం మొహమాటం లేకుండా చెప్తుంది. ఆడవాళ్ళ సంచారం మీద విడిగా ఒక అధ్యాయం ఉంది. ఆ కాలానికి అది ధైర్యమే. స్త్రీకి కూడా లోకం తిరిగే హక్కు ఉందని ఆయన గట్టిగానే వాదిస్తాడు. అయితే హక్కు ఇచ్చినంత సులువుగా కడుపు ప్రశ్న తేలదు. రాహుల్ జీవితాన్నే పక్కన పెట్టి చదవండి. చిన్నప్పుడే పెద్దలు పెళ్ళి చేశారు, ఆ పెళ్ళిని ఆయన ఒప్పుకోలేదు, ఇల్లు వదిలేశాడు. తర్వాత లెనిన్‌గ్రాడ్‌లో ఎలెనాతో సహజీవనం, కొడుకు ఇగోర్. ఆ ఇద్దరూ రష్యాలోనే ఉండిపోయారు, ఈయన ఇండియాకు వచ్చేశాడు. ఆ తర్వాత కమలతో పెళ్ళి, ఇద్దరు పిల్లలు. అంటే సంచారికి సంసారం వద్దన్న శాస్త్రకారుడి జీవితంలో మూడు ఇళ్ళున్నాయి. ఆయన్ను తప్పు పట్టడానికి ఈ లెక్క చెప్పడం లేదు. చిన్నప్పుడు కట్టబెట్టిన పెళ్ళిని తోసేయడం ఆయన హక్కే. కాని ఆ పల్లెలో మిగిలిపోయిన అమ్మాయి ఏమైందన్నది ఘుమక్కడ్ శాస్త్రంలో ఏ సూత్రం కిందికీ రాదు. పద్దెనిమిదేళ్ళప్పుడు చదివితే ఆ పుస్తకం రైలెక్కిస్తుంది. ముప్పై ఒకటిలో చదివితే ప్లాట్‌ఫాం మీద ఎవరు నిలబడ్డారో కనిపిస్తారు.

తెలుగులో 'ముందు ప్రయాణం, తర్వాత సంసారం' అన్న వరసకు అందమైన ఉదాహరణ సంజీవదేవ్. కుర్రతనంలో హిమాలయాల్లో తిరిగాడు, కులూలో రోరిక్‌ల దగ్గర ఉన్నాడు, తర్వాత తుమ్మపూడి వచ్చి స్థిరపడి మిగిలిన లోకాన్ని ఉత్తరాల ద్వారా ఇంటికే రప్పించుకున్నాడు. 'తెగిన జ్ఞాపకాలు' నాకు ఇష్టమైన పుస్తకం. తీరికగా, కోపం లేకుండా, ఎక్కడికీ చేరాలన్న తొందర లేకుండా సాగుతుంది. ఆ తీరికకు వెనక కలిగిన రైతు కుటుంబం ఉందన్నది మాత్రం చదివేవాళ్ళు మర్చిపోకూడదు. తిరిగొచ్చేసరికి ఊరు అక్కడే ఉంటుంది, పొలం అక్కడే ఉంటుంది. ఈ భరోసా ఉంటేనే 'ముందు', 'తర్వాత' అన్న మాటలకు అర్థం. మాకు తిరిగొచ్చాక ఉద్యోగం దొరుకుతుందన్న నమ్మకమే లేదు.

వీళ్ళందరికంటే ముందువాడు ఏనుగుల వీరాస్వామి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మేలో బయల్దేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైమాట, అంటే మా ప్లాన్ కంటే పొడుగు. హైదరాబాదు దాటి నిర్మల మీదుగా నాగపూరు దిక్కు పోయాడు కాబట్టి మా జిల్లా నేల తొక్కే పోయాడు. ఎక్కడ మజిలీ, ఎక్కడ నీళ్ళు మంచివి, ఏ దారి గుట్టలది, ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది అని ఆయన రాసుకున్నవే కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళ 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చేయించాడు. అప్పటికి వీరాస్వామి లేడు. నన్ను ఆకట్టుకున్న సంగతి వేరే. ఆయన ఒంటరిగా పోలేదు. ఇంటి ఆడవాళ్ళతో, బోయీలు సహా వంద మంది దాకా పరివారంతో పోయాడు. ఇల్లు వెనక వదలడం కాదు, ఇంటినే మోయించుకుపోయాడు. సంసారం, ప్రయాణం ఒకదానికొకటి శత్రువులన్న మాట ఆ పుస్తకానికి తెలియదు. అయితే పల్లకీలో ఉన్న ఆడవాళ్ళు ఏం చూశారో మనకు తెలియదు. పల్లకీ మోసినవాళ్ళు ఏం చూశారో అసలే తెలియదు. వందమంది నడిచిన దారికి ఒక్కరి చేతిరాత మిగిలింది.

ఆ తర్వాతి వందేళ్ళ పుస్తకాలను వేగంగా దాటేస్తాను. ఉద్యోగరీత్యా పోయినవాళ్ళు, సభలకు పోయినవాళ్ళు, రిటైరయ్యాక పోయినవాళ్ళు, అమెరికాలో పిల్లల దగ్గరికి పోయి పక్కనున్న జలపాతం చూసొచ్చినవాళ్ళు. ఆదినారాయణ గారు పనిగట్టుకుని 'స్త్రీ యాత్రికులు' అని విడి పుస్తకం రాయాల్సి వచ్చిందంటేనే మామూలు లెక్కలో యాత్రికుడంటే ఎవరో తెలుస్తుంది. ఆ పుస్తకం రాసినందుకు ఆయనకు రుణపడి ఉండాలి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని, పోదామా వద్దా, పిల్లల సంగతేంటి, డబ్బు సంగతేంటి అని కొట్లాడుకునే పేజీ కోసం నేను తెలుగు యాత్రా పుస్తకాల్లో వెతికాను. నాకు దొరకలేదు. మన యాత్రలన్నీ బయల్దేరిన పొద్దున్నే మొదలవుతాయి. బయల్దేరడానికి ముందటి ఆరునెలలు ఎవరికీ కథ కాదు.

ఇక్కడ మా ఊరి సంగతి చెప్పాలి. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలైంది. నిజాంసాగర్ కాలువ నీళ్ళు, నల్లరేగడి, చెరుకు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీ అని చెప్పుకునేవాళ్ళు. మా తాత అందులోనే పని చేశాడు. మా ఇంట్లో క్యాలెండరంటే క్రషింగ్ క్యాలెండరే. క్రషింగ్ నడిచినన్నాళ్ళు ఎవరూ ఊరు కదలరు. గానుగ ఆగినంక పెళ్ళిళ్ళు, ఆ తర్వాత తిరుపతో పండరిపురమో, పిల్లల్ని చంకనేసుకుని. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికే చాలా ఇళ్ళల్లో ఇంకో క్యాలెండర్ వచ్చేసింది. దాని పేరు ఛుట్టీ.

నిజామాబాద్ జిల్లాలో దీర్ఘ ప్రయాణం అనే మాటకు నేపాల్, వియత్నాం అర్థం కావు. దుబాయి అర్థం. మస్కట్ పోయినా, సౌదీ పోయినా, బహ్రెయిన్ పోయినా దుబాయి పోయిండనే అంటరు. మా చిన్నాయిన 1994లో షార్జా పోయిండు, చెల్లె పెళ్ళి అప్పు తీర్చడానికి. 1996లో మొదటి ఛుట్టీల వచ్చి పెళ్ళి చేసుకుండు. రెండేండ్లకోసారి రెండు నెలలు. 2016ల పూర్తిగా వచ్చిండు. మా చిన్నమ్మ లెక్క చాలా సూటిగా ఉంటది: "ఇరవై ఏండ్ల సంసారంల ఇరవై నెలలు." ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడూ ఆయన లేడు. ముందు ప్రయాణమా, ముందు సంసారమా అని వాళ్ళను ఎవరూ అడగలేదు. సంసారం కోసమే ప్రయాణం, ప్రయాణంలోనే సంసారం.

షార్జాల ఏం చూసినవ్ చిన్నాయినా అని అడిగితే, "ఏం చూస్త బిడ్డా, పన్నెండు గంటల డ్యూటీ, శుక్రారం బట్టలు ఉతుక్కునుడు" అంటడు. ఈ మాట నేను చాలా కాలం నిజమే అనుకోవచ్చు, క్యాసెట్ వినకపోతే. ఫోను ఖరీదైన రోజుల్లో మా దిక్కు దుబాయి పోయినవాళ్ళు టేపురికార్డర్‌లో మాట్లాడి క్యాసెట్లు పంపేవాళ్ళు, ఊరికి వస్తున్న ఎవరో ఒకరి చేతికిచ్చి. మా చిన్నమ్మ దగ్గర ఒకటి మిగిలింది. అరవై నిమిషాల క్యాసెట్‌లో మొదటి పది నిమిషాలు అందరి పేర్లూ పిలిచి బాగున్నరా అని అడగడం. ఆ తర్వాత ఆయన చెప్తాడు: రూములో ఉన్న పఠాన్ పెద్ద రొట్టె ఎట్లా చేస్తాడో, దాన్ని ఎనిమిది మంది ఎట్లా పంచుకుంటారో. వాన పడితే పని ఆపి అందరూ బయటికొచ్చి ఎట్లా నిలబడ్డారో. సముద్రం మొదటిసారి చూసినప్పుడు నిజాంసాగర్ ఎంత చిన్నగా అనిపించిందో. మాటకు మాటకు మధ్య వెనక ఎవరో దగ్గడం, గిన్నెల చప్పుడు. నా మటుకు అది పూర్తి స్థాయి యాత్రా రచన. వీరాస్వామి మజిలీలకు ఏం తక్కువ కాదు. తేడా ఒక్కటే. వీరాస్వామి రాతలకు శ్రీనివాసపిళ్ళ ఉన్నాడు. చిన్నాయిన క్యాసెట్ల మీద మేం బతుకమ్మ పాటలు రికార్డు చేసుకున్నాం.

దుబాయి బతుకుల మీద మనకు పాటలున్నాయి, కథలున్నాయి, సినిమాలొచ్చాయి. వాటిని యాత్రా సాహిత్యం అరలో ఎవరూ పెట్టరు, వలస సాహిత్యం అరలో పెడతారు. పాస్‌పోర్టు ఆఫీసు కూడా ఇట్లాగే విడదీస్తుంది. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు ఈసీఆర్ కింద ఉంటుంది, గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి. నా పాస్‌పోర్టుకు ఆ బాధ లేదు. ఒకే విమానంలో ఒకరు యాత్రికులు, ఇంకొకరు లేబర్. సాహిత్య విమర్శ ఈ విభజనను ఎందుకు ఒప్పుకోవాలో నాకు అర్థం కాదు. అందరూ నవ్వుకునే ఆ ఎయిర్‌పోర్ట్ క్యూలలో ఎన్ని పుస్తకాలు నిలబడి ఉన్నాయో.

గల్ఫ్ నవలల్లో నేను మళ్ళీ మళ్ళీ తిరిగి వెళ్ళేది బెన్యామిన్ మలయాళ నవల 'ఆడుజీవితం'. 2008లో వచ్చింది. బ్లెస్సీ తీసిన సినిమా 2024లో తెలుగులోనూ ఆడింది. నదిలో ఇసుక తీసే నజీబ్, భార్య సైను కడుపుతో ఉండగా సౌదీ బయల్దేరతాడు. పుట్టబోయే బిడ్డ కోసమే బయల్దేరతాడు. ఎడారిలో మేకల మధ్య మూడేళ్ళకు పైగా చిక్కుకుపోతాడు. సినిమా చూసి హాల్లో నా పక్కన కూర్చున్నాయన, యాభై దాటినవాడు, విరామంలో కూడా లేవలేదు. నటన గురించి, ఎడారి దృశ్యాల గురించి అందరూ రాశారు. నా గుచ్చులాట వేరే: సైను. సినిమాలో ఆమె నీళ్ళలా, పచ్చదనంలా, పచ్చడి జాడీలా గుర్తొస్తుంటుంది. ఎడారిలో ఉన్నవాడి దాహానికి ఆమె రూపం. ఆ మూడేళ్ళు ఆమె ఏం చేసింది, కాన్పు ఎట్లా జరిగింది, ఉత్తరం రాని ఇంట్లో అత్తాకోడళ్ళు ఏం మాట్లాడుకున్నారు? నవల నజీబ్ నోటితో నడుస్తుంది కాబట్టి అతనికి తెలియనిది అతను చెప్పలేడు, అది నవల నిజాయితీ. సినిమాకు ఆ కట్టుబాటు లేదు. కెమెరా సముద్రం దాటి ఆ ఇంటికి పోగలదు. పోయినప్పుడల్లా జ్ఞాపకాన్నే తెచ్చింది, వర్తమానాన్ని తేలేదు. సైను వైపు నుంచి ఒక నవల వస్తే అది మా జిల్లా నవల అవుతుంది. ఆర్మూరులో, బాల్కొండలో, కమ్మర్‌పల్లిలో దాన్ని రాయగల ఆడవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు.

మా సరిహద్దుకు అవతల మరాఠ్వాడాలో ఇంకో రకం ఉంది. బీడ్ దిక్కు నుంచి చెరుకు కొట్టడానికి పోయేవాళ్ళను ముకద్దం జంటలుగా మాట్లాడుకుంటాడు. భార్యా భర్తా కలిస్తే ఒక 'కోయ్తా', అంటే ఒక కొడవలి. అడ్వాన్సు జంటకు. ఒంటరివాడికి పని దొరకడం కష్టం కాబట్టి సీజన్ ముందర తొందర తొందరగా పెళ్ళిళ్ళు అయిపోతాయి. అంటే అక్కడ ప్రయాణం కోసం పెళ్ళి. ఆ ఆర్నెల్లలో పని పోకూడదని చిన్న వయసులోనే గర్భసంచులు తీయించుకున్న ఆడవాళ్ళ గురించి 2019లో దేశమంతా వార్తలొచ్చాయి. బోధన్ పిల్లగా చెరుకు ట్రాక్టర్ల వెనక పరిగెత్తి గడలు గుంజుకుని తిన్నదాన్ని. ఆ వార్త చదివిన రోజు మా పది నెలల ప్లాన్ నాకు కొంచెం సిగ్గుగా అనిపించింది. సిగ్గుపడి ప్రయాణం మానేస్తే వాళ్ళకు ఒరిగేదేం లేదు, అదీ తెలుసు. కాని 'పిల్లలు పుట్టకముందే' అని మేం మామూలుగా వాడేసే మాట ఎంత కొద్దిమంది చేతుల్లో ఉన్న మాటో తెలిసింది.

ఇవన్నీ చదివాక నాకు నిజంగా పనికొచ్చిన రచయిత్రి ఐర్లండ్ మనిషి. డెర్వ్‌లా మర్ఫీ. 1931లో లిస్మోర్‌లో పుట్టింది. తల్లికి కీళ్ళ జబ్బు, లేవలేదు. పద్నాలుగేళ్ళకే బడి మాన్పించారు, ఇల్లు చూసుకోవడానికి. పదేళ్ళప్పుడు సైకిలూ అట్లాసూ కానుకగా వచ్చినప్పటి నుంచి ఇండియాకు సైకిల్ మీద పోవాలని కోరిక. పోయింది ఎప్పుడు? తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక, 1963 జనవరిలో. అప్పటికి ఆమెకు ముప్పై ఒకటి. ఈ అంకె చూసి నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. 1965లో వచ్చిన 'ఫుల్ టిల్ట్' ఆ ప్రయాణం కథ, సాహసయాత్రగా దానికి పేరు. కాని ఇంట్లో ఎవరున్నారన్న నా ప్రశ్నకు అందులో జవాబు విచిత్రంగా ఉంది. ఎవరూ లేరు. ఇంట్లో ఉండాల్సిన మనిషి ఆమే. ఇల్లు ఖాళీ అయ్యాకే ఆమె కదిలింది.

1968లో కూతురు రేచల్ పుట్టింది, ఒంటరిగానే పెంచుకుంది. నాలుగైదేళ్ళు దూరాలు మానేసింది. తర్వాత ఐదేళ్ళు నిండబోతున్న పిల్లను తీసుకుని మన దేశమే వచ్చింది. బొంబాయిలో దిగి దక్షిణానికి వచ్చి, కొడగులో ఒక పల్లెలో ఇల్లు తీసుకుని వారాల తరబడి ఉండిపోయింది. 1976లో వచ్చిన 'ఆన్ ఎ షూస్ట్రింగ్ టు కూర్గ్' ఆ పుస్తకం. 'ఫుల్ టిల్ట్' అభిమానులకు ఇది చప్పగా అనిపించవచ్చు. తుపాకులు లేవు, మంచు కనుమలు లేవు. పిల్ల బొమ్మలతో ఆడుకోవడం, పిల్ల అలిసిపోతే ఆ రోజు ప్రయాణం అక్కడికి ఆపేయడం, పిల్ల అడిగే ప్రశ్నలు. నాకు మాత్రం ఇదే మంచి పుస్తకం అనిపిస్తుంది. సైకిల్ మీద వచ్చిన మర్ఫీ దేశాలు దాటింది. పిల్లతో వచ్చిన మర్ఫీ ఒక ఊళ్ళో ఉంది. పిల్లను వెంటబెట్టుకుని పోతే, మేం మిమ్మల్ని నమ్మాం అని ఊరివాళ్ళకు చెప్పినట్టు అవుతుందని ఆమె తర్వాత అనేది. తర్వాత తొమ్మిదేళ్ళ రేచల్‌తో, ఒక కంచరగాడిదతో పెరూ పర్వతాల్లో దాదాపు 2000 కిలోమీటర్లు నడిచింది కూడా.

మర్ఫీని మాకు కొలబద్దగా పెట్టుకోలేం. ఆమెది ఐరిష్ పాస్‌పోర్టు, పుస్తకం రాస్తే వేసే ప్రచురణకర్త ఉన్నాడు, తిరిగి పోవడానికి లిస్మోర్‌లో ఇల్లుంది. అయినా ఒక సంగతిలో ఆమె మా ప్లాన్ పునాది కదిలించింది. 'ముందు' అనేది ఖాళీ కాలం, బరువు లేని కాలం అని మేం అనుకున్నాం. ఆమె 'ముందు' అంతా తల్లి మంచం పక్కనే గడిచింది. మా అత్తమ్మకు అరవై రెండు, మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. మా నాయినకు పోయినేడు స్టెంట్ వేశారు. పిల్లలు లేనంత మాత్రాన మా చేతులు ఖాళీగా లేవు. స్ప్రెడ్‌షీట్‌లో 'పిల్లలు' అన్న గడి ఉంది, 'అమ్మానాన్నలు' అన్న గడి లేదు. ఈ మాట మా ఆయనతో అన్నాను. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. మూడో రోజు ఆ గడి చేర్చాడు.

పది నెలలు ఐదయ్యాయి. జార్జియా పోయింది. దసరా తర్వాత బయల్దేరి ఎండలు ముదరకముందే రావాలని. తర్వాత బిడ్డ పుడితే పుడుతుంది, ఐదేళ్ళు నిండాక లావోస్ పోదాం అన్నాడు, మర్ఫీ పుస్తకం సగం చదివి. పుట్టకపోతే ఏమిటన్నది కూడా ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. ఆ సంభాషణ నేను ఇక్కడ రాయను.

నేపాల్ పోయే దారి కాశీ మీదుగా పెట్టుకున్నామని తెలిసి అత్తమ్మ ఒక షరతు పెట్టింది. "కాశి దాంక నేను గూడ వస్త. అటెన్క మీరు ఎటన్న పోండ్రి." తిరుగు రైల్లో ఆమెకు తోడు ఎవరన్నది తేలలేదు. మొన్న బోధన్‌కు ఫోన్ చేసి మా చిన్నమ్మను అడిగిందట. చిన్నాయినకు వంట ఎవరు చేస్తరని చిన్నమ్మ ఆలోచిస్తోంది.